చెలమకూ ఒక అడుగుంటుంది

గద్దబండ అడవిలో చెట్లకన్నా బండలే ఎక్కువ. ఆ బండల సందుల్లో ఎలుగుబంట్లు, అడవిపందులు, చుక్కల దుప్పులు, కొండముచ్చులు, ముళ్లపందులు, కుందేళ్లు కాపురముండేవి. అడవి నడుమ నేరేడువాగు పారేది. పారేదన్నది అప్పటి మాట. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. వాగులో నీళ్లు పోయి ఇసక మిగిలింది. మిట్టమధ్యాహ్నం ఆ ఇసకలో కాలు పెట్టాలంటే ఏనుగంత ధైర్యం కావాలి.

ఆ అడవిలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఒంటినిండా నల్లటి గుబురు జుట్టు, చేతులకు కొడవళ్లలాంటి గోళ్లు, నోట్లో అంతకన్నా పదునైన మాట. ఆమె వీపు మీద ఎప్పుడూ ఇద్దరు పిల్లలు జుట్టు పట్టుకుని వేళ్లాడుతుండేవాళ్లు. పెద్దవాడు గుండు. చిన్నది మినుకు.

గుండుగాడికి ఏం పెట్టినా ఒంటబట్టేది. మినుకు మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ నీరసపు పిల్ల. తల్లికి పాలుంటేనే దానికి ప్రాణం. తల్లికి నీళ్లుంటేనే పాలు. తొలకరి పడేదాకా రోజూ ఇన్ని నీళ్లు దొరకాలి. దొరక్కపోతే వీపు మీద ఒక బరువు తగ్గిపోతుంది. ఆ తలపు వచ్చినప్పుడల్లా గుబురమ్మ గోళ్లు వాటంతటవే నేలలో దిగబడేవి.

వాగు ఎండినా అడవి చావలేదు. ఎందుకంటే ఇసకలో గుంత తవ్వితే అడుగున సన్నగా నీళ్లు ఊరతాయి. దాన్ని చెలమ అంటారు. నేరేడువాగులో ఆ ఏడు చెలమ తవ్వింది కోరయ్య అనే అడవిపంది. బండలాంటి ఒళ్లు, రెండు వంకర కోరలు. పని మొదలుపెడితే ఆపడం తెలియని రకం. ఆ మాట ఒప్పుకోవాలి, కష్టజీవే. కాకపోతే చేసిన కష్టం గురించి చెప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కష్టపడేవాడు.

చెలమ దగ్గర ఒక పద్ధతుండేది. ముందు పసివాళ్లు, తర్వాత పాలిచ్చే తల్లులు, ఆ తర్వాత మిగతావాళ్లు. ఒకరు తాగాక నీళ్లు మళ్లీ ఊరి, బురద కిందికి దిగి తేటపడేదాకా రెండోవాళ్లు దిగకూడదు. తవ్వినవాడు అందరికన్నా ఆఖర్న తాగాలి. అడుగున ఎన్ని నీళ్లు మిగిలాయో వాడికే తెలియాలని పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాటు అది.

కోరయ్యకు ఆ కట్టుబాటంటే ఒళ్లు మండేది.

"తవ్వింది నేను. నా ముట్టె అరిగింది. ఈ కుందేలు పిల్ల ముందు తాగుతుంది, నేను సాయంత్రం దాకా నాలిక చప్పరిస్తూ కూర్చోవాలి. ఇదేం న్యాయం?" అనేవాడు.

"నీ ముట్టెకి దణ్ణం మరిదీ," అనేది గుబురమ్మ. "ముందు నువ్వు దిగితే తాగేది సగం, పొర్లేది సగం. మాకు మిగిలేది నీ ఒంటి బురద."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. కోరయ్య నవ్వేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే ఉత్తర దేశం నుంచి ఒక కొంగ వచ్చి చెలమ పక్కన వాలింది. రెక్కలు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. దూరం నుంచి వచ్చిన చుట్టం కదా అని అందరూ పక్కకు జరిగి దాన్ని తాగనిచ్చారు. అది తాగింది, మెడ పైకెత్తింది, మళ్లీ తాగింది.

"ఏం తల్లీ, మీ వైపు చెరువులు లేవా?" అనడిగింది చుక్కల దుప్పి లచ్చి.

"ఉండేవి," అంది కొంగ. "నేనొచ్చిన దారిలో సముద్రమంత సరస్సుండేది. ఇప్పుడు దాని నడిమధ్యన పడవలు ఇసకలో కూరుకుపోయి నిలబడి ఉన్నాయి. మంచు కొండలు బోడిగుండ్లయ్యాయి. మనుషుల ఊళ్ల మీదుగా వచ్చాను. తెల్లారకముందే బిందెలు వరసలో కూర్చుంటున్నాయి, వాటి వెనక మనుషులు కూర్చుంటున్నారు. ఎక్కడ దిగుదామన్నా నేల నోరు తెరిచి పగుళ్లు చూపిస్తోంది. దేశాలు దాటొచ్చాను. ఇన్ని నీళ్లు ఒకచోట కనబడింది ఇక్కడే."

ఇన్ని నీళ్లు అని అది చూపించింది, గుబురమ్మ రెండు దోసిళ్లకు మించని నీళ్లను. అడవి గుండె జారిపోయింది.

కొంగ ఎగిరిపోయాక అందరూ బండ నీడన కూర్చున్నారు. ఎవరి నోటికొచ్చింది వాళ్లు మాట్లాడారు. గుబురమ్మ చెవులు నిక్కించి వింది. వినేకొద్దీ ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ప్రతివాళ్లూ బుర్రతో కాదు, కడుపుతో ఆలోచిస్తున్నారు.

కొండముచ్చు తాత గడ్డం గోక్కుంటూ, "ఒక చెట్టు మీద కాయలైపోతే ఇంకో చెట్టు ఎక్కుతాం. ఈ వాగు అయిపోతే ఇంకో వాగు," అన్నాడు.

"కొంగ ఇప్పుడు చెప్పిందేమిటి తాతా? చెట్లన్నీ ఖాళీ అనే కదా! ఏ కొమ్మ మీదికి దూకుతావు?" అంది గుబురమ్మ.

లచ్చి మెల్లగా, "గడ్డి ఎండినా వేరు చావదు. వాన పడితే అదే వస్తుంది. ఊరికే కూర్చుందాం," అంది.

"వాన నీ మేనమామేం కాదు, పిలవకుండా రావడానికి. వచ్చేదాకా ఏం తాగుతావు?"

అప్పుడు కోరయ్య లేచాడు. కోరలు రెండూ బండకు రాసి టకటకలాడించాడు.

"అందరూ వినండి. నేను పుట్టినప్పటినుంచీ నేలను తవ్వి బతుకుతున్నాను. నేల గుట్టు నాకు తెలుసు. పైపైన తవ్వితే సన్న వేరు దొరుకుతుంది. ఇంకా తవ్వితే చేతిమందం గడ్డ. ఇంకా లోతుకి పోతే తొడంత దుంప. నీళ్లూ అంతే. మనం పైపైన గీకి, చుక్కలు నాకుతున్నాం. అసలు నీళ్లు కిందున్నాయి. నన్ను లోతుకి తవ్వనివ్వండి. తాగడమేమిటి, ఈదిస్తాను మిమ్మల్ని!"

ఈదడమన్న మాట వినగానే కొండముచ్చు పిల్లలు కేరింతలు కొట్టాయి.

గుబురమ్మ లేచి నిలబడింది. వెనక కాళ్ల మీద నిలబడితే ఆమె చాలా ఎత్తు. మినుకు ఆమె మెడ కరుచుకుంది.

"మరిదీ, నీళ్లు దుంప కాదు," అంది. "దుంపయితే ఒకచోట కూర్చుంటుంది, తవ్వినవాడికి దొరుకుతుంది. నీళ్లు నా చెదపుట్టలాంటివి. నేను పుట్టను పూర్తిగా తవ్వను. పైన కొంచెం బద్దలుకొట్టి, నాలుగు గుక్కలు చెదలు పీల్చి వదిలేస్తాను. కొన్నాళ్లకి పోతే మళ్లీ నిండి ఉంటుంది. ఆకలేసింది కదా అని అడుగుదాకా పెకిలించిన రోజు, ఆ పుట్ట మట్టిదిబ్బ అయిపోతుంది. చెలమ దిగినప్పుడు నా గోళ్లకి అడుగున జిగటమన్ను తగిలింది. ఇసకలో నీళ్లు నిలబడ్డాయంటే ఆ మన్ను వల్లే. అది కుండకి అడుగులాంటిది. కుండ అడుగు పగలగొడితే నీళ్లు పెరుగుతాయని ఎవడు చెప్పాడ్రా నీకు, బుర్రలో కూడా దుంపలే ఉన్నవాడా?"

"చెదలు తినేవాళ్లు నీళ్ల గురించి చెబుతున్నారు!" అన్నాడు కోరయ్య. "వదినకి భయమెందుకో తెలుసా? అందరికీ నీళ్లు సరిపోతే, పాలిచ్చే తల్లినంటూ వరసలో ముందు నిలబడే పెద్దరికం పోతుంది!"

అందరూ నవ్వారు. ఈసారి ఆమెను చూసి నవ్వారు.

గుబురమ్మ ఇంకాస్త మెత్తగా చెప్పి ఉంటే వినేవాళ్లేమోనని తర్వాత కొందరన్నారు. మెత్తగా చెప్పడానికి ముసలి ముళ్లపంది కూడా ఉంది. "బాబూ, కాస్త ఆలోచిద్దాం," అని ముమ్మారు అంది. దాని మాట ఎవరూ విననైనా వినలేదు. ఈదిస్తానన్నవాడు ఎదురుగా నిలబడి ఉండగా, ఆగమన్నవాళ్ల మాట ఎవరికి రుచిస్తుంది?

"సరే, తవ్వుకోండి," అంది గుబురమ్మ. "నా పిల్లలకి నేను తవ్వుకోగలను. గోళ్లున్నాయి నాకు."

పిల్లల్ని వీపునేసుకుని వాగు ఎగువకి వెళ్లిపోయింది.

వాగు మలుపులో బండ నీడ పడేచోట చిన్న చెలమ తవ్వుకుంది. గోళ్లకి జిగటమన్ను తగలగానే ఆపేసింది. మోదుగు కొమ్మలు విరిచి ఎండ పడకుండా పైన కప్పింది. పొద్దున ఇన్ని, సాయంత్రం ఇన్ని ఊరేవి. మినుకు తాగేది, గుండు తాగేవాడు, తను తాగేది. 'నా నీళ్లు నాకున్నాయి. వాళ్ల ఖర్మ వాళ్లది,' అనుకుంది. అనుకుని కాలు చాపుకుని పడుకుంది కూడా.

దిగువ నుంచి కేకలు, నవ్వులు వినిపించేవి. కోరయ్య తవ్వుతున్నాడు. తవ్వేకొద్దీ నిజంగానే నీళ్లు ఎక్కువయ్యాయి. చుట్టూ ఉన్న ఇసకలోంచి నీరంతా ఆ లోతు గుంతలోకి దిగుతోంది మరి. పందులు పొర్లాయి. కొండముచ్చులు ఒకదాని మీద ఒకటి నీళ్లు చల్లుకున్నాయి. వరస పోయింది, ఆగడం పోయింది, తేటపడేదాకా చూడటం పోయింది.

గుండుగాడు చెవులు రిక్కించి, "అమ్మా, మనమూ పోదామా? అక్కడ అందరూ తడుస్తున్నారు," అన్నాడు.

"తడిసి ఏం చేస్తావురా, మొలకెత్తుతావా? నోరు మూసుకుని తాగు."

అప్పుడే కోరయ్య అటుగా వచ్చాడు. ఒళ్లంతా తడి బురద. వెనక ఇద్దరు ముగ్గురు భజనపరులు.

"ఏం వదినా, ఈ దోసెడు గుంతలో నీ మొహమైనా కనబడుతోందా? ఇల్లలికి కూర్చున్నట్టు కూర్చున్నావు. రా, మా చెలమలో మునగొచ్చు!"

"నేను తాగడానికి తవ్వుకున్నాను మరిదీ, మునగడానికి కాదు. మునిగే సరదా నీది, మునుగు."

నవ్వుతూ వెళ్లిపోయాడు. గుబురమ్మ చెలమలోకి చూసింది. నీళ్లు తగ్గి ఉన్నాయి.

ఎండకి ఆవిరైందేమో అనుకుంది. ఇంకో రెండు కొమ్మలు కప్పింది. మర్నాడు ఇంకా తగ్గాయి. అప్పుడు కూర్చుని జాగ్రత్తగా కనిపెట్టింది. దిగువన కేకలు మొదలైనప్పుడు ఆమె చెలమలో నీళ్లు దిగిపోతున్నాయి. అక్కడ సద్దుమణిగాక కొంచెం కొంచెంగా పైకొస్తున్నాయి. పైకొచ్చిన ప్రతిసారీ ముందటికన్నా కాస్త కిందే ఆగుతున్నాయి.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుంతలు రెండు, నీళ్లు ఒకటే. ఎగువన కొమ్మలు కప్పి దాచుకుంటే, దిగువన కోరయ్య తోడేస్తున్నాడు. తన నీళ్లు తనకున్నాయనుకోవడం కోరయ్య దుంప లెక్కకన్నా తెలివైనదేం కాదు.

"బుర్రలో నాకూ దుంపలే ఉన్నాయి," అని పైకే అనేసింది.

ఆ సాయంత్రానికి ఆమె చెలమలో తడి ఇసక మిగిలింది. మినుకు ఆ ఇసకను నాకింది. తర్వాత తల్లి పొట్టకు మూతి ఆనించి ఎంతసేపు లాగినా పాలు రాలేదు. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది గుబురమ్మకు.

తెల్లవారగానే పిల్లలిద్దర్నీ వీపునేసుకుని దిగువకు పరుగెత్తింది.

చెలమ ఇప్పుడు చెలమలా లేదు. పెద్ద గొయ్యి అయింది. దాని ఒడ్డున అందరూ వంగి తొంగిచూస్తూ నిలబడ్డారు. అడుగెక్కడో కోరయ్య వీపు కనబడుతోంది. నీళ్లు మళ్లీ తగ్గడం మొదలైందట. తగ్గింది కాబట్టి ఇంకా లోతుకి పోవాలంటున్నాడట.

"కోరయ్యా, ఆగు!" అని పైనుంచి అరిచింది గుబురమ్మ. "నా చెలమ ఎండింది. నువ్విక్కడ తోడిందే నేనక్కడ పోగొట్టుకున్నాను. కిందేం లేదు, అంతా పక్కనుంచి లాగిందే. ఆ మన్ను జోలికి పోకు!"

"వచ్చావా వదినా!" అని కిందనుంచి అరిచాడు కోరయ్య. "చల్లగా ఉంది ఇక్కడ. ఇదే ఆఖరు పొర. దీని కిందే ఉంది అసలు దుంప... అసలు నీళ్లు!"

తల వంచాడు. రెండు కోరలూ జిగటమన్నులో దించి బలంకొద్దీ పైకి లేపాడు.

టప్ మని చప్పుడైంది. అది నీళ్ల చప్పుడు కాదు. కుడి కోర మొదలంటా విరిగింది. దాంతోపాటు అడుగున పెద్ద పెళ్ల లేచింది. ఆ పెళ్ల కింద నీళ్లు లేవు. గులకరాళ్లున్నాయి. ఆ రాళ్ల కింద చీకటి. గుంతలో మిగిలిన నీళ్లు సుడి తిరిగి, గుటకలు మింగుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆ చీకట్లోకి దిగిపోసాగాయి.

"పోతున్నాయి! పోతున్నాయి!" అని లచ్చి కేకపెట్టింది.

కోరయ్య కంగారుగా వెనక్కి జరిగాడు. కాలు జారింది. పిరుదులు సరిగ్గా ఆ బొక్కలో కూరుకుపోయాయి. పైనుంచి ఇసక గట్టు విరిగి మెడదాకా వచ్చి పడింది. ఇంత లావు కోరయ్య, సీసాకు బిరడాలా బిగుసుకుపోయాడు.

సుడి ఆగింది.

"లాగండి నన్ను! ఊపిరాడట్లేదు!" అని గింజుకున్నాడు.

రెండు పందులు కిందికి దూకబోయాయి. గుబురమ్మ వాటికడ్డంగా దిగింది.

"కదిలావంటే నిన్నిక్కడే పాతేస్తాను కోరయ్యా! పుట్టి బుద్ధెరిగాక నువ్వు చేస్తున్న మొదటి ఉపకారం ఇది. అక్కడే కూర్చో."

"చచ్చిపోతాను వదినా!"

"చావవు. మెడ మీద ఇసక నేను తీస్తాను. లేచావంటే మాత్రం అందరం చస్తాం, నీతో కలిపి."

కోరయ్య గింజుకోవడం మానేశాడు. బతుకులో మొదటిసారి ఒకరు చెప్పిన మాట విన్నాడు.

గుబురమ్మ అతని మీద పడిన ఇసకంతా గోకి పక్కకు నెట్టి, తలెత్తి పైకి చూసింది. అందరూ నోళ్లు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు. నిన్నటిదాకా నవ్విన మొహాలు. తిట్టడానికి నాలిక దురద పెట్టింది. మినుకు వీపు మీద తడిగుడ్డలా వాలిపోయి ఉంది. తిట్లు తర్వాత చూసుకోవచ్చనుకుంది.

"పుట్టమన్ను కావాలి," అంది. "చెదలు కట్టిన మన్ను ఎంత వానకీ కరగదు. తడిపి తొక్కి మెత్తితే నీళ్లు దాటవు. ముళ్లపందమ్మా, నువ్వు తవ్వు. తాతా, నీ మందకి చేతులున్నాయి, మొయ్యండి. నాకు తెలిసిన పుట్టలన్నీ చూపిస్తాను."

"అవి నువ్వు తినే పుట్టలు కదక్కా? అన్నీ తవ్వేస్తే నువ్వేం తింటావు?" అంది లచ్చి.

"నీళ్లుంటే తిండి వెతుక్కోవచ్చు. నడు!"

ఏ పుట్టనూ అడుగుదాకా తవ్వని గుబురమ్మ, ఆ పూట తన పుట్టల్ని తనే పగలగొట్టింది. గోళ్లు ఆడినన్నిసార్లు పెళ్లలు లేచాయి. కొండముచ్చులు చంకల్లో, చేతుల్లో, నెత్తిమీద మన్ను మోసుకొచ్చి గొయ్యి అంచున కుప్ప పోశాయి. ఎప్పుడూ కొమ్మ మీంచి సలహాలిచ్చే తాత కూడా రొప్పుతూ మోశాడు.

కుప్ప తయారైంది. ఇప్పుడది తడవాలి. తడపడానికి నీళ్లు కావాలి.

నీళ్లున్నది ఒకే చోట. కోరయ్య చుట్టూ, గొయ్యి అడుగున, ఒక చిన్న మడుగు. అడవి మొత్తంలో మిగిలిన నీళ్లు అవే.

"వీటిని మట్టిలో పోస్తావా?" అన్నాడు కొండముచ్చు తాత. "అమ్మాయీ, తలా ఒక గుక్క తాగుదాం. కనీసం ఈ పూట బతుకుతాం. మన్ను నిలవకపోతే?"

గుబురమ్మ గొయ్యి అడుగుకి దిగింది. మినుకును వీపు మీంచి దింపి ఒళ్లో పెట్టుకుంది. దాని ముక్కు ఎండి పగిలింది. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. నీళ్ల వాసనకు నాలిక మాత్రం ఒకసారి బయటికొచ్చింది. మడుగు అడుగు దూరంలో ఉంది. చేయి ముంచి ఆ నాలిక మీద పెడితే చాలు. ఎవరూ కాదనరు. కానీ తన పిల్లకు ఒక చెయ్యి తడి చేస్తే, లచ్చి తన కూనకి అడుగుతుంది. కుందేళ్లు అడుగుతాయి. అడగడం తప్పు కాదు. అందరూ తాగాక ఈ మడుగు ఉండదు. మన్ను పొడిగానే ఉంటుంది. కోరయ్య లేచిన మరుక్షణం అతని కింద ఉన్న బొక్క రేపటి నీళ్లన్నీ మింగుతుంది.

ఆమె పిల్లను ఎత్తుకుని పైకెక్కి, లచ్చి కాళ్ల దగ్గర నీడలో పడుకోబెట్టింది.

"ఈ పూట బతికి రేపు చావడానికి ఇంత కష్టమెందుకు తాతా?" అంది. "మన్ను నిలుస్తుంది. నిలబెడతాను. దుప్పులన్నీ దిగండి, తొక్కండి!"

ఎవరూ కదల్లేదు. అప్పుడు లచ్చి తన కూనను మినుకు పక్కన పడుకోబెట్టి, మొదటి కాలు కిందికి పెట్టింది. పైనున్న మన్ను కుప్పను కొండముచ్చులు కిందికి నెట్టాయి, లచ్చి వెనక మిగిలిన దుప్పులు దిగాయి. దాహంతో నాలికలు వేళ్లాడుతుండగా ఆ నీళ్లను తొక్కి, మన్నులో కలిపాయి. ఒక్కటీ మూతి వంచలేదు.

మన్ను జిగటెక్కింది. కొండముచ్చులు ముద్దలు చేసి అందించాయి. గుబురమ్మ కోరయ్య చుట్టూ రాళ్లు పేర్చి, రాళ్ల సందుల్లో ముద్దలు కుక్కింది.

"ఇప్పుడు విను. 'లే' అన్నప్పుడు లేవాలి. ముందు కాదు, తర్వాత కాదు."

"సరే వదినా."

"గట్టిగా చెప్పు. అందరికీ వినబడాలి."

"సరే వదినా!" అని అరిచాడు కోరయ్య.

"లే!"

రెండు పందులు దిగి అతన్ని ముందుకు లాగాయి. బొక్క నోరు తెరిచింది. అడుగున ఉన్న కాస్త తడి గుటుక్కున లోపలికి జారింది. గుబురమ్మ పెద్ద రాయిని అందులో పడేసి, దాని మీద ముద్ద, ముద్ద మీద ముద్ద వేసి, పిడికిళ్లతో, మోచేతులతో, ఆఖరికి తన ఒళ్లంతా వేసి అదిమింది. "ముద్ద! ఇంకో ముద్ద!" అంటూనే ఉంది. అందరి చేతులూ ఖాళీ అయ్యేదాకా అంటూనే ఉంది.

అందరూ చెవులు రిక్కించారు. కింద గుటకల చప్పుడు లేదు.

చప్పుడు లేదు. కానీ నీళ్లూ లేవు. మెత్తిన మన్ను మీద ఎండ పడుతోంది. గుబురమ్మ ఎగువ నుంచి తన మోదుగు కొమ్మలు తెప్పించి గొయ్యి మీద కప్పించింది. అందర్నీ దూరంగా పొమ్మంది. పిల్లలిద్దర్నీ రెండు చంకల్లో పెట్టుకుని గొయ్యి అంచున కూర్చుంది.

"నీళ్లొస్తాయా అమ్మా?" అన్నాడు గుండు.

"వస్తాయి."

"ఎప్పుడు?"

"వాటికి వీలైనప్పుడు. మనకి తొందరైనప్పుడు కాదు."

పొద్దు వాలింది. ఎండ తగ్గింది. కొమ్మల కింద చల్లబడింది. గుబురమ్మ ఒక కొమ్మ తీసి చూసింది. గొయ్యి గోడల్లో ఇసక నల్లబడి ఉంది. చెమట పట్టినట్టు ఒక్కొక్క చుక్కే తేలి, ఒకదాన్నొకటి కలుపుకుని, కిందికి జారి, కొత్త మన్ను మీద నిలబడుతోంది. నిలబడింది. ఇంకలేదు.

ఒక దోసెడు నీళ్లయ్యాక ఆమె దిగి, వేలు ముంచి, మినుకు నాలిక మీద పెట్టింది. నాలిక లోపలికి పోయింది. మళ్లీ బయటికొచ్చింది. మళ్లీ. తర్వాత ఆ పిల్ల తల్లి వేలును గట్టిగా కొరికింది.

"అమ్మో! పళ్లున్నాయే దీనికి!" అంది గుబురమ్మ. ఆ కసురులో ఎంత సంతోషముందో వినగానే తెలిసిపోయింది. ఒడ్డున కళ్లార్పకుండా చూస్తున్న అడవంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. తర్వాత లచ్చి కూన తాగింది, దాని తర్వాత కుందేలు పిల్లలు. ఒకరు తాగాక రెండోవాళ్లు అడక్కుండానే ఆగారు.

కోరయ్య జారినప్పుడు బెణికిన కాలు ఎత్తిపెట్టి, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చి దూరంగా నిలబడ్డాడు. కుడి వైపు కోర లేదు. కోర లేని పంది మొహం వింతగా ఉంటుంది. సంత మధ్యలో తలపాగా పోగొట్టుకున్న పెద్దమనిషిలా ఉన్నాడు. ఆ రోజు నుంచి అడవిలో ఎవరూ అతన్ని సలహా అడగలేదు. దుంపలకు కూడా ఒంటి కోరతో తవ్వుకోలేక, ముళ్లపంది తవ్వి వదిలేసిన వేర్లు ఏరుకుని తిన్నాడు.

అలా ఊరిన నీళ్లతో, ఊరేదాకా ఆగుతూ, ఆ ఎండాకాలం గడిచింది. ఎవరికీ కడుపునిండా దొరకలేదు. ఎవరూ దాహంతో చావలేదు.

ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. ఉరిమింది. మినుకు వానను చూడటం అదే మొదలు. మొదటి చినుకు ముక్కు మీద పడగానే ఎవరో కొట్టారనుకుని కయ్ మంది. కొండముచ్చులు చెట్లు దిగి గంతులేశాయి. దుప్పులు ఆకాశానికి నోళ్లు తెరిచాయి. పందులు అప్పుడే బురద వెతుక్కుంటున్నాయి.

గుబురమ్మ మాత్రం ఒక పెద్ద రాయిని దొర్లించుకుంటూ వాగులోకి దిగింది. తీసుకెళ్లి వాగుకి అడ్డంగా పెట్టింది. వెనక్కి వెళ్లి ఇంకో రాయి దొర్లించింది.

"ఏమిటమ్మాయీ ఇది?" అని చెట్టు మీంచి అరిచాడు కొండముచ్చు తాత. "వాన పడుతుంటే పనేమిటి? కరువు పోయింది, ఆడుకో!"

"కరువు పోలేదు తాతా, పక్కకెళ్లి కూర్చుంది. ఈ నీళ్లన్నీ ఉరుక్కుంటూ కొండ దిగిపోతున్నాయి, కనబడట్లేదా? వాటిని కాసేపు నిలబెడితే ఇసకలోకి దిగుతాయి. దిగిన నీళ్లే వచ్చే ఎండాకాలం మనం తాగేది. దాహమేశాక రాళ్లు మోసి ఏం లాభం? దిగు కిందికి!"

తాత గొణుక్కుంటూ దిగాడు. లచ్చి వచ్చింది. ముళ్లపంది వచ్చింది. ఆఖరికి ఒంటి కోర కోరయ్య కూడా వచ్చి, మాట్లాడకుండా ఒక బండను నుదుటితో తోయడం మొదలుపెట్టాడు.

"అటు కాదు మరిదీ, ఇటు," అంది గుబురమ్మ.

కోరయ్య ఇటు తోశాడు.

సాయంత్రానికి వాగుకి అడ్డంగా మోకాలెత్తు రాళ్లకట్ట లేచింది. కొండ మీంచి ఎర్రటి నీళ్లు ఉరుక్కుంటూ వచ్చి కట్టకు కొట్టుకున్నాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. మెల్లగా వెడల్పుగా పరుచుకుని, ఇసకలోకి దిగసాగాయి. కట్ట మీద తల్లి వీపున కూర్చున్న మినుకు, జుట్టు వదిలేసి, రెండు చేతులూ చాపి వాన పట్టుకోబోయి, దభీమని నీళ్లలో పడింది. లేచి నిలబడి, మొట్టమొదటిసారిగా తల్లిని చూసి నవ్వింది.

నీతి: నేల కింద నీళ్లు ఎవరి గుంతకు వారివి కావు, అందరివీ ఒక్కటే, ఎక్కువ లోతు తవ్వినవాడికి కాదు, అవసరం కొద్దీ తీసుకుని, ఊరేదాకా ఆగి, వాన ఉన్నప్పుడే దాచుకున్నవాళ్లకే అవి మిగులుతాయి.